చేయని తప్పుకు ఖాతా మూసివేశారు: సపోర్టు వాళ్లకు ఎలా రాస్తే మనిషి చదువుతాడు?

డీటీపీ శ్రీను (విజయవాడ):

అందరికీ నమస్కారం. నేను గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ పని చేస్తాను. పగలంతా శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కంపోజు చేసి, రాత్రి పది దాటాక ఇంట్లో నా సొంత కంప్యూటర్ మీద గంటో గంటన్నరో ఆట ఆడుకోవడం ఆరేళ్లుగా నాకున్న అలవాటు. ఐదుగురు ఒక జట్టుగా ఆడే షూటింగ్ ఆట అది. సంస్థ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నా ఫిర్యాదు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

మాఘమాసంలో ముహూర్తాలు ఎక్కువగా ఉండి, పని ఇంటికి కూడా తెచ్చుకుంటున్న రోజుల్లో, ఒక రాత్రి ఆట మధ్యలోనే తెర ఆగిపోయింది. అనధికార సాఫ్ట్‌వేర్ వాడినందున ఈ ఖాతాను శాశ్వతంగా నిలిపివేశాం అన్న ఒక వాక్యం, దాని కింద ఒక నంబరు, తేదీ, 17:42 అన్న సమయం మాత్రమే కనిపించాయి. నన్ను మోసగాడిగా గుర్తించి తొలగించినట్టు అదే క్షణంలో మిగతా తొమ్మిది మందికీ తెర మీద కనబడింది. నా జట్టులో గుంటూరు, ఏలూరు కుర్రవాళ్లు ఇద్దరు, మా పెదనాన్న గారి అబ్బాయి, అతని స్నేహితుడు ఉన్నారు. ఆరేళ్లలో స్కిన్లకు, అంటే ఆటలో తుపాకులకు, వేషాలకు వేసుకునే అలంకారాలకు, నేను పెట్టిన పదకొండు వేల రూపాయల కన్నా, ఆ నలుగురి ముందు దొంగగా నిలబడవలసి రావడమే నన్ను ఎక్కువగా బాధించింది.

ఆ రాత్రే ఫిర్యాదు పెట్టాను. నోటీసులో చూపిన 17:42 గంటలకు నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నానని, కావాలంటే మా యజమాని గారు సాక్ష్యం చెబుతారని రాశాను. ఆ సమయంలో మీ ఖాతా ఆటలోనే ఉన్నట్టు మా రికార్డులు చూపుతున్నాయి, నిర్ణయం మారదు అని నాలుగు గంటల్లో జవాబు వచ్చింది. రెండో ఫిర్యాదుకు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. మూడోసారి కోపంతో చాలా మాటలు రాశాను. దానికి జవాబే లేకుండా మూసివేశారు.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. నా ఖాతాను వేరెవరైనా వాడి ఉంటారా? మళ్లీ రాయాలంటే ఎలా రాయాలి? ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ఒకతను తాను ఆ సంస్థలోనే పని చేస్తున్నానని, మూడు వేలు పంపితే నిషేధం ఎత్తివేయిస్తానని అంటున్నాడు, నమ్మవచ్చా? బ్యాంకుకు రాసి, పోయిన నెల కొన్న వస్తువు డబ్బు వెనక్కి తెప్పించుకోమని మా తమ్ముడు చెబుతున్నాడు. దయచేసి తెలిసినవారు దారి చూపండి.

హనుమకొండ నెట్ సెంటర్:

శ్రీను గారూ, పద్నాలుగేళ్లు నెట్ సెంటర్ నడిపాను, పిల్లల ఖాతాలు పోయి నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇలాంటి ఉత్తరాలు నేనే రాసిచ్చేవాణ్ని. ముందుగా ఒక్క ప్రశ్న. నోటీసులో 17:42 పక్కన ఏ కాలమానమో చిన్న అక్షరాల్లో రాసి ఉందేమో చూడండి. ఆట సర్వర్ల రికార్డులు సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి. మన కాలమానం దానికి ఐదున్నర గంటలు ముందు ఉంటుంది కాబట్టి, అక్కడ 17:42 అంటే విజయవాడలో రాత్రి 11:12. మీరు ప్రెస్సులో కాదు, ఆటలోనే ఉండి ఉంటారు. అదే నిజమైతే, మీరు తెలియక రాసిన ఆ మొదటి మాటే వాళ్లకు అబద్ధంలా కనిపించింది.

డిస్కార్డ్ మనిషికి ఒక్క రూపాయి కూడా పంపకండి. ఏ సంస్థలోనూ నిషేధాలు ఎత్తివేసే ఉద్యోగి బయట బేరం ఆడడు. వాళ్లలో చాలామంది డబ్బుతో ఆగరు. పాస్‌వర్డ్, ఓటీపీ కూడా అడిగి, మిగిలిన మెయిల్ ఖాతాను కూడా పట్టుకుపోతారు. ఇప్పటికే ఏదైనా పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగడం కూడా ఇప్పుడు వద్దు. మీరు నిజంగా కొన్న వస్తువుకు చెల్లింపును వివాదం చేస్తే, ఆ కారణంతోనే ఖాతాకు రెండో తాళం పడుతుంది, ఆ తాళానికి తప్పు మీదే అవుతుంది. కొత్త ఖాతా తెరిచి ఆడడం కూడా అలాంటిదే, నిషేధాన్ని తప్పించుకున్నాడని దాన్నీ మూసివేస్తారు.

ఇక మోసాలు పట్టే యంత్రం పొరబడుతుందా అని మీకు లోపల అనుమానం ఉంటే, పొరబడుతుంది. 2010 జూలైలో, ఆటలు అమ్మే స్టీమ్ వేదికలో మోడరన్ వార్‌ఫేర్ 2 ఆడేవాళ్లలో దాదాపు 12,000 మందిని, స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ వారి వ్యాక్ అనే నిఘా వ్యవస్థ పొరపాటున నిషేధించింది. వాళ్లెవరూ మోసం చేయలేదు. స్టీమ్ ఆట ఫైలును అప్‌డేట్ చేస్తున్నప్పుడు, డిస్కు మీద ఉన్న ఫైలుకూ మెమరీలో నడుస్తున్న ప్రతికీ తేడా వచ్చింది, ఆ తేడానే వ్యాక్ మోసంగా లెక్కించింది. సంస్థ అధినేత గేబ్ న్యూవెల్ స్వయంగా క్షమాపణ రాసి, నిషేధాలన్నీ ఎత్తివేసి, లెఫ్ట్ 4 డెడ్ 2 ఆటను వాళ్లకొకటి, స్నేహితుడికి ఇవ్వడానికి మరొకటి ఉచితంగా ఇచ్చారు. 2023 అక్టోబరులో గ్రాఫిక్స్ కార్డులు చేసే ఏఎండీ సంస్థ తన గ్రాఫిక్స్ డ్రైవరులో యాంటీ-ల్యాగ్ ప్లస్ అన్న సౌకర్యం తెచ్చింది. అది వాల్వ్ వారి కౌంటర్ స్ట్రైక్ 2 ఆట ఇంజిన్ ఫైలులోని పనులను పక్కదారి పట్టించడంతో, దాన్ని ఆన్ చేసుకున్న ఆటగాళ్ల మీద నిషేధం పడింది. ఏఎండీ ఆ డ్రైవరును వెనక్కి తీసుకుంది, వాల్వ్ ఆ నిషేధాలను రద్దు చేసే పని చేపట్టింది. 2024 అక్టోబరులో కాల్ ఆఫ్ డ్యూటీ నిఘా వ్యవస్థను కొందరు తిరగేసి వాడుకుని నిర్దోషులను నిషేధింపజేశారని తేలినప్పుడు, యాక్టివిజన్ కొద్దిమంది ఖాతాలు దెబ్బతిన్నాయని ఒప్పుకుని వాటిని తిరిగి ఇచ్చింది.

ఈ మూడింటిలోనూ నిషేధం తొలగింది ఆటగాడు గట్టిగా అరిచినందువల్ల కాదు, కారణం ఏ ఫైలో, ఏ డ్రైవరో, ఏ లొసుగో దొరికినందువల్ల. మీరు కూడా ఆ కారణం వెతకాలి. అందుకే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకండి. మంచి ఉద్దేశంతోనే చాలామంది మొదట చేసే పని అదే, దాంతో ఆధారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. విండోస్ సెర్చిలో రిలయబిలిటీ అని కొడితే, ఏ రోజు ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కిందో, ఏది ఆగిపోయిందో తేదీలవారీగా పట్టిక వస్తుంది. ఆ పట్టికను, టాస్క్ మేనేజరులో స్టార్టప్ జాబితాను స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మెయిల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో మీవి కాని పరికరాలు ఏవైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఖాతా వేరొకరు వాడారా అన్న ప్రశ్నకు అక్కడ కొంత జవాబు దొరుకుతుంది.

డీటీపీ శ్రీను (విజయవాడ):

అన్నగారూ, మీరు చెప్పినట్టే చిన్న అక్షరాల్లో యూటీసీ అని ఉంది. ఆ రాత్రి 11:12కి నేను ఆడుతూనే ఉన్నాను. మూడు ఉత్తరాల్లోనూ తప్పే రాశానని తెలిసి నాకు ఊపిరి ఆడలేదు. మెయిల్‌లో నా ఫోను, నా కంప్యూటర్ తప్ప వేరే పరికరం లేదు.

స్టార్టప్ జాబితాలో మాత్రం ఒకటి కనబడింది. శుభలేఖల్లో చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, ఆహ్వానించు వారు వంటి మాటలు రోజుకు వంద సార్లు కొట్టాలి. అందుకని, మీటలు నొక్కే పనిని మనకు బదులు చేసే ఆటోహాట్‌కీ అన్న ప్రోగ్రాములో ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. మూడు నాలుగు అక్షరాలు కొడితే పూర్తి మాట వచ్చేస్తుంది. ప్రెస్సు కంప్యూటర్‌లో రెండేళ్లుగా ఉంది. ఇంటికి పని తెచ్చుకుంటున్నానని ఈ నెల మొదట్లోనే నా కంప్యూటర్‌లో కూడా పెట్టాను. ఆ రాత్రి ఒక పెళ్లివారి ప్రూఫు పంపేసి, దాన్ని ఆపకుండానే ఆట తెరిచాను. తెలుగు మాటలు కొట్టే స్క్రిప్టు తుపాకీ ఆటలో మోసం ఎలా అవుతుంది?

సుజాత, మాదాపూర్:

శ్రీను గారూ, మీరు వెతుకుతున్న కారణం చాలావరకు అదే అయి ఉంటుంది. ఆటోహాట్‌కీ కీబోర్డు మీద కొక్కెం వేసి, మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ ముందుగా తాను చూస్తుంది, తరువాత తాను సృష్టించిన మీటనొక్కుళ్లను విండోస్‌కు పంపుతుంది. ఇవి చేత్తో నొక్కినవి కావు, ప్రోగ్రామ్ పంపినవి అని విండోస్ వాటి మీద ఒక గుర్తు కూడా వేస్తుంది. తుపాకీ కాల్చినప్పుడు గురి పైకి ఎగరకుండా మౌసును తనంతట తానే కిందికి లాగే మోసపు స్క్రిప్టులు కూడా ఇదే ఆటోహాట్‌కీతో రాస్తారు. నిఘా సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది నడుస్తున్న ప్రోగ్రాము, కీబోర్డు మీది కొక్కెం. అందులో ఉన్నది పెళ్లికూతురు పేరు ముందు పెట్టే మాటా, తుపాకీ గురా అన్నది స్క్రిప్టు తెరిచి చదివితే తప్ప తెలియదు.

నేను మూడేళ్లు హైదరాబాదులో ఒక గేమింగ్ సంస్థ తరఫున టికెట్లకు, అంటే సపోర్టుకు వచ్చే ఫిర్యాదులకు, జవాబులు రాసే ఉద్యోగం చేశాను. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం కనిపిస్తుందో మీకు తెలిస్తే ఉత్తరం ఎలా రాయాలో మీకే తెలుస్తుంది. నా తెర మీద ఖాతా వయసు, కొనుగోళ్లు, పాత శిక్షలు, ప్రస్తుత నిషేధం తరగతి మాత్రమే ఉండేవి. ఏ ఫైలు వల్ల పట్టుబడ్డారో నాకూ కనబడేది కాదు, ఎందుకంటే ఆ వివరం బయటికి పొక్కితే మోసపు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దాన్ని మరునాడే మార్చుకుంటారు. నాకు ఉన్న అధికారం ఒక్కటే, టికెట్‌ను సెక్యూరిటీ బృందానికి పంపడం. పంపాలంటే ఒక పెట్టెలో కారణం రాయాలి. తాను చేయలేదంటున్నాడు అన్నది కారణం కింద లెక్కకు రాదు, ఎందుకంటే చేసినవాళ్లు, చేయనివాళ్లు అందరూ అదే మాట రాస్తారు, నిజంగా మోసం చేసినవాళ్లే ఇంకా బాగా రాస్తారు. ఫలానా ప్రోగ్రాము ఫలానా సమయంలో నడుస్తోంది, దాని పాఠం జతచేశాడు, అది ఆటకు సంబంధించినది కాదని చూస్తే తెలుస్తుంది, అని నేను ఆ పెట్టెలో రాయగలిగిన రోజున టికెట్ కదిలేది.

మీలాంటి ఉత్తరాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. వాటిలో కొన్ని నిర్దోషులవే అయి ఉంటాయని తెలిసి కూడా, పంపడానికి ఆధారం లేక తయారుగా ఉన్న జవాబే అతికించిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తిట్టిన ఉత్తరాన్ని పక్కన పెట్టడం పగతో కాదు. తిట్లు తీసివేస్తే అందులో పెట్టెలో రాయడానికి ఏమీ మిగిలేది కాదు. ఒకే విషయం మీద నాలుగు టికెట్లు వస్తే, వ్యవస్థ వాటిని ఒకటిగా కలిపేది, లేదా చివరిదాన్ని నకలుగా మూసేది. కాబట్టి కొత్తగా ఒక్క టికెట్ పెట్టండి, అందులో పాత మూడింటి నంబర్లు మీరే ఇవ్వండి. మొదటి ఉత్తరంలో సమయం విషయంలో పొరబడ్డానని దాచకుండా ఒప్పుకోండి. అది మీకు నష్టమని భయపడకండి. తన తప్పును తానే సరిదిద్దుకున్న ఉత్తరం నా మూడేళ్లలో ఎంత అరుదో, వచ్చినప్పుడు ఎంత శ్రద్ధగా చదివేదాన్నో నాకు తెలుసు.

ఇంగ్లీషు గురించి దిగులు పడకండి. పొట్టి వాక్యాలు చాలు, పుస్తకాల ఇంగ్లీషు అక్కరలేదు. తెలుగులో ఈ తీరున రాసుకుని మార్చుకోండి:

"నమస్కారం. నా ఖాతాకు సంబంధించి ఇది నాలుగో ఉత్తరం. పాత టికెట్ల నంబర్లు కింద ఇచ్చాను. మొదటి ఉత్తరంలో నేను ఆ సమయంలో ఆడడం లేదని రాశాను. అది తప్పు. మీ సమయం యూటీసీలో ఉందని నేను గమనించలేదు. భారత కాలమానం ప్రకారం రాత్రి 11:12కి నేనే ఆడుతున్నాను, ఖాతాను వేరెవరూ వాడలేదు. ఆ సమయంలో నా కంప్యూటర్ మీద ఆటోహాట్‌కీ నడుస్తోంది. ప్రింటింగ్ ప్రెస్సులో తెలుగు పెళ్లి ఆహ్వానాలు టైపు చేయడం నా వృత్తి. ఆ స్క్రిప్టు చిన్న సంకేతాన్ని పూర్తి మాటగా మారుస్తుంది. స్క్రిప్టు పూర్తి పాఠాన్ని, దాన్ని చివరిసారి మార్చిన తేదీ కనిపించే స్క్రీన్‌షాట్‌ను జతచేశాను. అందులో మౌసుకు గాని మీ ఆటకు గాని సంబంధించిన ఆజ్ఞ ఏదీ లేదు. ఇలాంటి ప్రోగ్రాములు నడుస్తుండగా ఆడకూడదన్న మీ నియమాన్ని నేను గమనించలేదు. ఇకపై ఆటకు ముందు దాన్ని ఆపివేస్తాను. దయచేసి ఈ వివరాలతో నా కేసును సెక్యూరిటీ బృందం చేత తిరిగి పరిశీలింపజేయండి. ఈ నిషేధం వేరే కారణం వల్ల అయితే, ఆ కారణం ఏ తరగతికి చెందినదో మాత్రం తెలియజేయండి."

ఇందులో ఆరేళ్ల అనుబంధం గురించి గాని, పెట్టిన డబ్బు గురించి గాని రాయలేదు, గమనించండి. ఆ రెండూ వాళ్ల తెర మీద ముందే ఉంటాయి. స్క్రిప్టును పంపే ముందు అందులో పెళ్లివారి ఫోన్ నంబర్లు గాని పేర్లు గాని ఉంటే తీసివేయండి, తీసివేశానని కూడా ఉత్తరంలో రాయండి. ఫైలును మాత్రం ఉన్న చోటే ఉంచి, నకలులోనే మార్పులు చేయండి. అసలు ఫైలు తేదీ మారకూడదు. పంపాక కనీసం పది రోజులు మళ్లీ రాయకండి. కొన్ని సంస్థల్లో మీరు ఒక వాక్యం చేర్చినా టికెట్ వరుసలో వెనక్కి పోవచ్చు.

వినియోగదారుల పక్షం (హైదరాబాద్):

సుజాత గారు చెప్పినదానికి జవాబు వచ్చేదాకా ఆగి, ఆ తరువాతే ఇది చదవండి, ఎందుకంటే చట్టం దారి ఉన్నది గాని అది పొడుగు.

భారతదేశంలో సేవలందించే ఇలాంటి సంస్థ తన వెబ్‌సైటులో గ్రీవెన్స్ ఆఫీసరు (ఫిర్యాదుల అధికారి) వివరాలు పెట్టాలి. ఆటలో మాటలు, సందేశాలు పంపుకునే ఏర్పాటు ఉండి సంస్థ మధ్యవర్తి (ఇంటర్మీడియరీ, అంటే ఇతరుల మాటలను చేరవేసే వేదిక) నిర్వచనంలోకి వస్తే, 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పి, నిర్ణీత గడువులో పరిష్కరించాలి. సపోర్టు టికెట్, గ్రీవెన్స్ ఆఫీసరుకు పంపే ఫిర్యాదు రెండూ ఒకటి కావు, ఈ తేడా తెలియక ఎంతోమంది సపోర్టు దగ్గరే ఆగిపోతున్నారు. ఆఫీసరు జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకునే ఏర్పాటు 2023 నుంచి ఉన్నది.

డబ్బు చెల్లించి కొన్నారు కాబట్టి మీరు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి కూడా వస్తారు. మొదట 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. గేమ్ బ్యాన్ అని మాత్రం మొదలుపెట్టకండి. 2025లో కేంద్రం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూ చట్టం చేశాక, ఆ మాట వినగానే అది పందేల ఆట గొడవ అనుకునేవాళ్లు ఉన్నారు. ఇది పందెం ఆట కాదని, కొన్న సేవను సరైన వివరణ ఇవ్వకుండా ఆపివేశారని చెప్పండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, కారణం ఏర్పడిన రెండేళ్ల లోపు వేయాలి. ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు (గొడవను కోర్టు బయట ఆర్బిట్రేషన్‌లో తేల్చుకోవాలన్న షరతు) ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సహేతుకమైన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేసుకునే హక్కు ఒక్కరికే ఇచ్చే ఒప్పందాన్ని ఆ చట్టం అన్యాయమైన ఒప్పందం అంటుంది. అయితే ఆ వాదన జిల్లాలో నడవదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి.

నా అభిప్రాయం కూడా చెబుతాను. మీరు కొన్న స్కిన్లు మీ ఆస్తి కావు, వాడుకునే అనుమతి మాత్రమే అని ఒప్పందంలో ఉంటుంది. ఆటోహాట్‌కీ నడిచిందన్నది కూడా నిజమే. కాబట్టి కమిషన్‌లో మీ బలం నిషేధం తప్పు అనడంలో కన్నా, మొదటి రెండు ఉత్తరాలకూ వివరణ లేకుండా ఒకే జవాబు అతికించి, మూడోదాన్ని జవాబే లేకుండా మూసివేశారు అన్న సేవా లోపంలో ఎక్కువగా ఉంటుంది. అందుకోసమైనా ప్రతి జవాబునూ తేదీతో సహా దాచండి.

మ్యూనిక్ నుంచి రవి:

నాకు రెండేళ్ల కిందట ఇలాంటిదే జరిగింది. ఐరోపాలో ఉన్నాను కాబట్టి ఇక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్ 15వ అధికరణం కింద నా గురించి మీ దగ్గర ఉన్న సమాచారమంతా ఇవ్వమని అడిగాను. నెల లోపు ఇవ్వాలి, క్లిష్టమైతే మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. లాగిన్లు, ఐపీ చిరునామాలు, నా మీద ఇతర ఆటగాళ్లు పెట్టిన రిపోర్టుల లెక్క వచ్చాయి. నిఘా వివరాలు మాత్రం ఇవ్వలేదు. అయినా, వేరే దేశం నుంచి ఎవరూ లాగిన్ కాలేదని తేలడంతో నేను అనవసరమైన వాదన మానుకోగలిగాను. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 11వ సెక్షన్ ఇలాంటి హక్కునే ఇస్తుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ హక్కు అమలుకు అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టారు. శ్రీను గారికి ఇప్పుడు ఉపయోగపడకపోయినా తరువాత చదివేవారికి ఉపయోగపడవచ్చు.

డీటీపీ శ్రీను (విజయవాడ):

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పెళ్లిళ్ల పని ముగిసేదాకా కూర్చోవడానికి తీరిక దొరకలేదు.

సుజాత గారు చెప్పినట్టు ఒక్క టికెట్ పెట్టి, పొరపాటు ఒప్పుకుని, స్క్రిప్టు జతచేసి పంపాను. పంపేముందు ఆ ఫైలును నేనే మొదటి నుంచి చివరిదాకా చదివాను. నూట పద్దెనిమిది వరుసలు, అన్నీ బంధుత్వాలు, ముహూర్తాలు, కల్యాణమండపాల పేర్లు. ఎనిమిదో రోజున ఒక జవాబు వచ్చింది, ఈసారి కింద మనిషి పేరు ఉంది. స్క్రిప్టు అందిందని, సంబంధిత బృందానికి పంపామని, ఆ రాత్రి ఆటకు ముందు వేరే ఏ ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయో చెప్పగలరా అని అడిగారు. ప్రూఫు పంపిన మెయిల్ సమయం 10:31 అని చూసి, అప్పటికి తెరిచి ఉన్నవి నాలుగూ రాసి పంపాను. గుర్తులేని ఒకదాని గురించి గుర్తు లేదనే రాశాను.

పంతొమ్మిదో రోజు ఉదయం ఖాతా తెరుచుకుంది. తిరిగి పరిశీలించి నిషేధాన్ని తొలగించాం, సాయం చేసే ప్రోగ్రాములను ఆపివేసి ఆడండి, అని రెండు వాక్యాలు రాశారు. కారణం ఆటోహాట్‌కీయేనా అన్నది చెప్పలేదు, క్షమాపణ కూడా లేదు. స్కిన్లన్నీ ఉన్నాయి, ర్యాంకు మాత్రం సీజను మారడంతో మొదటికి వచ్చింది. 1915కి ఫోన్ చేయవలసిన అవసరం రాలేదు గాని, గ్రీవెన్స్ ఆఫీసరు చిరునామా రాసి ఉంచుకున్నాను. డిస్కార్డ్ మనిషి నేను బ్లాక్ చేసేదాకా ప్రతి రెండు రోజులకూ ధర తగ్గిస్తూ వచ్చాడు.

ఇప్పుడు కంప్యూటర్‌లో రెండు యూజర్ ఖాతాలు పెట్టాను, ఒకటి ప్రెస్సు పనికి, రెండోది ఆటకు. ఒకదానిలోంచి పూర్తిగా లాగ్ అవుట్ అయ్యాకే రెండోది తెరుస్తాను. వచ్చిన ఆ రెండు వాక్యాల జవాబును తెలుగులోకి మార్చి మా జట్టు గ్రూపులో పెట్టాను. ఏలూరు కుర్రవాడు మొదట ఫోన్ చేసి, అన్నా, ఆ రోజు నేను నిన్ను అనుమానించాను అన్నాడు. ఆ రాత్రి ఐదుగురమూ ఆడాం.